ఆటో–ఆఫ్–మాన్యువల్ సెలెక్టర్: పీఎల్‌సీలో, టచ్ స్క్రీన్‌లో సరిగ్గా పెట్టడం ఎలా?

యాసంగి వడ్లు మిల్లులకు రావడం మొదలైందంటే ఫోన్లు కూడా మొదలవుతాయి. "సార్, ఆటోల పెట్టిన, అయినా నడుస్తలేదు." "స్క్రీన్ మీద ఆఫ్ అని ఉంది, మోటార్ మాత్రం తిరుగుతనే ఉంది." "కరెంటు పోయి వచ్చేసరికి అంతా మాన్యువల్‌ల పడ్డది." పరకాల రైస్ మిల్లు కావచ్చు, జమ్మికుంట జిన్నింగ్ మిల్లు కావచ్చు, కరీంనగర్ దగ్గర గ్రానైట్ యూనిట్ కావచ్చు. ఫిర్యాదులు అవే, వాటి వెనక కారణాలూ దాదాపు అవే. మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి, మోటార్ దానంతట అది నడవాలా, ఆగి ఉండాలా, చేత్తో నడపాలా అని ఎంచుకునే ఈ సెలెక్టర్‌ను ఎలా పెట్టాలో మొదటి నుంచి చివరి దాకా ఒకచోట రాస్తున్నాను.

ఉదాహరణకు రైస్ మిల్లు ఎలివేటర్‌ని తీసుకుందాం. గుంతలో పోసిన వడ్లను కన్వేయర్ తెచ్చి ఎలివేటర్ అడుగున పోస్తుంది, ఎలివేటర్ పైకి ఎత్తి బిన్‌లో వేస్తుంది. రెండు మోటార్లు, ఒక బిన్, ఒక ప్యానెల్. ఇది సరిగ్గా కుదిరితే పంపు, బ్లోయర్, డ్రయర్ ఫ్యాన్ దేనికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. పీఎల్‌సీ అంటే ప్రోగ్రాం ప్రకారం మోటార్లను నడిపే, ఆపే చిన్న కంట్రోల్ కంప్యూటర్. డెల్టా, సీమెన్స్, మిత్సుబిషి, అలెన్ బ్రాడ్లీ పీఎల్‌సీలలో మీ దగ్గర ఏది ఉన్నా పెద్ద తేడా రాదు. మెనూల పేర్లు మారతాయి, పని మారదు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి

స్క్రీన్ మీద మీరు గీసిన స్విచ్ మోడ్ కాదు. అది మోడ్ మార్చమని పెట్టుకునే అర్జీ మాత్రమే. ఆర్టీసీ బస్సులో దిగాల్సిన వాళ్లు కేక వేస్తారు, బండి ఆపేది మాత్రం డ్రైవరే. ఇక్కడ డ్రైవర్ పీఎల్‌సీ. స్క్రీన్ అడుగుతుంది, పీఎల్‌సీ చూసి ఒప్పుకుంటుంది లేదా వద్దంటుంది. చివరికి ఏ మోడ్‌లో ఉందో స్క్రీన్ పీఎల్‌సీని అడిగే చూపించాలి. పైన చెప్పిన ఫిర్యాదుల్లో సగానికి పైగా, అడిగే ట్యాగ్‌నే (ట్యాగ్ అంటే పీఎల్‌సీ మెమరీలో పేరు పెట్టిన ఒక గడి) చూపించే ట్యాగ్‌గా కూడా వాడటం వల్ల వచ్చేవే.

కావలసినవి

- పీఎల్‌సీ ప్రోగ్రాం, దాని పాస్‌వర్డ్, మార్పులు చేయకముందు తీసిన బ్యాకప్.
- స్క్రీన్ ప్రాజెక్టు ఒరిజినల్ ఫైలు. స్క్రీన్ లోంచి తిరిగి తీసుకుని ఎడిట్ చేయడం అన్ని స్క్రీన్లలోనూ కుదరదు. ఫైలు లేకపోతే ముందు దాని సంగతి చూడండి.
- ప్యానెల్ వైరింగ్ డ్రాయింగ్. లేకపోతే వైరు నంబర్లు చూసి మీరే ఒకటి గీసుకోండి.
- మల్టీమీటర్.
- ప్యానెల్ తలుపు మీద నిజమైన స్విచ్ కూడా పెడుతుంటే 22 మి.మీ. మూడు పొజిషన్ల సెలెక్టర్, రెండు ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండి, తిప్పితే కలిసే) కాంటాక్టు బ్లాకులు. తిప్పిన చోటే నిలబడే రకం తీసుకోండి. వదిలితే మధ్యకు తిరిగొచ్చే స్ప్రింగ్ రకం దీనికి పనికిరాదు.
- కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్) సహాయక కాంటాక్టు నుంచి పీఎల్‌సీకి ఒక ఇన్‌పుట్. మోటార్ నిజంగా ఆన్ అయిందో లేదో చెప్పేది ఇదే.
- రోజూ ఆ మిల్లు నడిపే ఆపరేటర్, కనీసం ఒక గంట మీ పక్కన.

హెచ్చరిక: స్క్రీన్ మీద ఆఫ్ నొక్కి ఎలివేటర్ బూట్‌లో (అడుగున వడ్లు పడే పెట్టెలో) చెయ్యి పెట్టనివ్వకండి. సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్ అంటే కరెంటు తీసేసినట్టు కాదు. శుభ్రం చేయాలన్నా బెల్టు బిగించాలన్నా ఐసొలేటర్ (కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్) తీసి, తాళం వేసి, తాళంచెవి పని చేసేవాళ్ల జేబులో ఉంచాలి. ఎమర్జెన్సీ స్టాప్, ఓవర్‌లోడ్ రిలే (మోటార్ ఎక్కువ కరెంటు లాగితే ఆపేది) 95–96 కాంటాక్టు నేరుగా కాంటాక్టర్ కాయిల్ వైరులోనే ఉండాలి. వాటి సమాచారం పీఎల్‌సీకి ఇవ్వండి, అధికారం ఇవ్వకండి.

1. కాగితం మీద రాయండి

కంప్యూటర్ తెరవకముందే ఈ పని చేయండి. ఒక్కో మోటార్‌కు మూడు వాక్యాలు చాలు. మా ఎలివేటర్‌కు ఇలా ఉంటుంది:

ఆఫ్: ఎవరు అడిగినా నడవదు.
ఆటో: లైన్ (కన్వేయర్, ఎలివేటర్ లాంటి యంత్రాలన్నీ కలిపి) స్టార్ట్ నొక్కినప్పుడు వరుస ప్రకారం నడుస్తుంది, ఆగుతుంది.
మాన్యువల్: ఆపరేటర్ స్టార్ట్ నొక్కితే నడుస్తుంది, స్టాప్ నొక్కితే ఆగుతుంది.

అసలు గొడవంతా మూడో వాక్యం దగ్గరే. మాన్యువల్ అంటే "అన్నీ బైపాస్" అని చాలామంది అనుకుంటారు. కొందరు ప్రోగ్రామర్లు అలాగే రాసి పెడతారు కూడా. ఇంటర్‌లాకులు, అంటే ఫలానాది లేకపోతే మోటార్ నడవకూడదు అనే షరతులు, రెండు రకాలని గుర్తుంచుకోండి. ఒకటి రక్షణ కోసం: ఓవర్‌లోడ్, ఎమర్జెన్సీ, బెల్టు జారితే పట్టుకునే స్పీడ్ స్విచ్, బిన్ నిండిందని చెప్పే లెవెల్ స్విచ్. రెండోది వరుస కోసం: ముందు ఎలివేటర్, పది సెకన్ల తర్వాత కన్వేయర్ లాంటివి. మాన్యువల్‌లో తీసేయాల్సింది రెండో రకాన్నే. మొదటి రకం ఏ మోడ్‌లోనైనా పనిచేయాల్సిందే.

ఒక మెలిక ఉంది. కన్వేయర్ మాన్యువల్‌లో నడుస్తుండగా ఎలివేటర్ ఆగిపోతే ఏం కావాలి? వరుస ఇంటర్‌లాక్ అని తీసేశారంటే కన్వేయర్ పోస్తూనే ఉంటుంది, బూట్ నిండిపోతుంది, బకెట్లు వడ్లలో కూరుకుపోతాయి. తర్వాత ఇద్దరు మనుషులు కింద కూర్చొని, తలుపు విప్పి, తట్టలతో తోడాలి. ఆ పూట మిల్లు బంద్. అందుకే "ఎలివేటర్ నడవకపోతే కన్వేయర్ నడవకూడదు" అన్నదాన్ని నేను రక్షణ కిందే లెక్కేస్తాను, మాన్యువల్‌లోనూ ఉంచుతాను. కన్వేయర్‌ని ఒంటరిగా తిప్పి చూడాల్సిన అవసరం ఫిట్టర్‌కు వస్తుంది కాబట్టి జాగ్ బటన్ ఒకటి పెట్టండి. నొక్కి పట్టుకున్నంత సేపే తిరగాలి, వదిలితే ఆగాలి. దాన్ని స్క్రీన్ మీద పెట్టకండి, మోటార్ పక్కన పుష్‌బటన్‌గా పెట్టండి. కారణం తప్పుల భాగంలో చెబుతాను.

లోకల్/రిమోట్ అనే మాట వస్తే దాన్ని వేరే కాగితం మీద రాయండి. ఎక్కడి నుంచి నడపాలన్నది ఒక ప్రశ్న, ఎలా నడవాలన్నది ఇంకో ప్రశ్న. రెండింటినీ ఒకే స్విచ్‌లో ఇరికిస్తే నాలుగో పొజిషన్, ఐదో పొజిషన్ కావాల్సి వస్తుంది, చివరికి ఎవరికీ అర్థం కాదు.

2. తలుపు మీద స్విచ్ ఉంటే దాని వైరింగ్

స్క్రీన్ మాత్రమే ఉంటే నేరుగా మూడో మెట్టుకు వెళ్లండి.

24 వోల్టుల డీసీని స్విచ్‌లోని రెండు బ్లాకులకూ కామన్‌గా ఇవ్వండి. ఎడమ బ్లాకు నుంచి ఆటో ఇన్‌పుట్‌కు, కుడి బ్లాకు నుంచి మాన్యువల్ ఇన్‌పుట్‌కు వైరు లాగండి. ఆఫ్‌కు వైరు అక్కర్లేదు, రెండూ రాకపోతే ఆఫ్. వైరు తెగినా, ఎలుక కొరికినా ఆఫే అవుతుంది. మనకు కావాల్సింది అదే.

స్విచ్ ఎడమకు తిప్పితే ఎడమ బ్లాకే మూసుకుంటుందని నమ్మకండి, కంపెనీని బట్టి తిరగబడుతుంది. మల్టీమీటర్‌తో చూసి లేబుల్ అతికించండి. తర్వాత పీఎల్‌సీ ఇన్‌పుట్ దగ్గర వోల్టేజీ కొలవండి. మామూలు 24 వోల్టుల ఇన్‌పుట్‌లలో 15 దాటితే ఒకటి అని, 5 లోపు ఉంటే సున్నా అని గ్యారంటీ ఉంటుంది. మధ్యలో ఎక్కడో కనిపిస్తే స్క్రూ వదులైందో, ఇండికేటర్ ల్యాంప్ లాంటిదేదో కలిసిందో చూడాలి.

ప్రోగ్రాంలో ఒక చిన్న టైమర్ పెట్టండి: రెండు ఇన్‌పుట్లూ ఒకేసారి అర సెకను పాటు ఆన్‌లో ఉంటే అది స్విచ్ లోపం. మోడ్ ఆఫ్ చేసి అలారం ఇవ్వాలి. కాంటాక్టు అతుక్కుపోయినప్పుడు, ఎవరైనా వైరు మార్చి పెట్టినప్పుడు ఇది పట్టేస్తుంది.

3. నంబర్లు, ట్యాగులు

మోడ్‌కు ఒకే పూర్ణసంఖ్య వాడండి: 0 ఆఫ్, 1 ఆటో, 2 మాన్యువల్. మూడు వేర్వేరు బిట్లు పెడితే ఏదో ఒకరోజు రెండు బిట్లు ఒకేసారి ఆన్ అవుతాయి. ఆఫ్‌కు సున్నానే ఎందుకంటే మెమరీ చెరిగిపోయినా, కొత్త సీపీయూ వేసినా మొదట ఉండేది సున్నానే.

ఒక్కో మోటార్‌కు నాలుగు ట్యాగులు చేయండి:

- ఎలివేటర్ మోడ్ అడుగు: స్క్రీన్ రాస్తుంది.
- ఎలివేటర్ మోడ్: పీఎల్‌సీ రాస్తుంది, స్క్రీన్ చదువుతుంది.
- ఎలివేటర్ మోడ్ మార్చొచ్చా: పీఎల్‌సీ ఇచ్చే అనుమతి బిట్.
- ఎలివేటర్ మోడ్ లోపం: అలారం కోసం.

అన్ని మోటార్లకూ ఇదే క్రమం, ఇవే నంబర్లు. ఒకదానికి 1 ఆటో, ఇంకోదానికి 1 మాన్యువల్ అయిందంటే రాత్రి డ్యూటీ ఎలక్ట్రీషియన్‌కు నరకమే.

4. పీఎల్‌సీలో నిర్ణయం

ల్యాడర్ అయినా, స్ట్రక్చర్డ్ టెక్స్ట్ అయినా (పీఎల్‌సీ ప్రోగ్రాం రాసే రెండు పద్ధతులు) ఈ వరుస పాటించండి.

మొదట, అడిగిన విలువ 0 అయితే ఏ షరతూ లేకుండా మోడ్‌ను 0 చేయండి. ఆఫ్‌కు అనుమతి అడగకూడదు, పాస్‌వర్డ్ అడగకూడదు, "మీరు నిజంగా ఆపాలనుకుంటున్నారా" అని కూడా అడగకూడదు.

తర్వాత, అడిగిన విలువ 1 లేదా 2 అయితే, అనుమతి బిట్ ఉంటేనే మోడ్‌కు రాయండి. ఎలివేటర్‌కు అనుమతి అంటే: స్విచ్ లోపం లేదు, ఎమర్జెన్సీ నొక్కి లేదు, ఓవర్‌లోడ్ పడి లేదు. ఇంతే పెట్టండి. అనుమతికి పది షరతులు తగిలిస్తే ఆపరేటర్‌కు ఏది అడ్డుపడిందో తెలియక మీకే ఫోన్ చేస్తాడు.

3, 7, 250 లాంటి విలువ వస్తే పట్టించుకోవద్దు. మోడ్ ఉన్నది ఉన్నట్టే ఉండాలి.

చివరగా, అర్జీ చూడటం అయిపోగానే "అడుగు" ట్యాగ్‌లో 99 రాసేయండి. ఇక్కడ 99 అంటే "ఎవరూ ఏమీ అడగలేదు" అని. దాని బదులు 0 రాస్తే పీఎల్‌సీ దాన్ని ఆఫ్ అనుకుని ప్రతి స్కాన్‌లోనూ (ప్రోగ్రాంను ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదివే చుట్టులోనూ) మోడ్‌ను ఆఫ్ చేస్తూ పోతుంది. ఆటో నొక్కగానే ఒక్క క్షణం వెలిగి పోతోందంటే ముందు ఇక్కడే చూడండి.

తలుపు మీద నిజమైన సెలెక్టర్ ఉంటే పని ఇంకా సులువు: మోడ్ నిర్ణయం దానిదే, స్క్రీన్ చూపించడానికే. రెండు చోట్ల నుంచీ మార్చుకోవాలని ఓనర్ పట్టుబడితే మాత్రం తలుపు స్విచ్‌ను లోకల్/రిమోట్‌గా మార్చండి, ఆటో/మాన్యువల్ స్క్రీన్ మీద ఉంచండి. ఒకే మోడ్‌కు రెండు సమానమైన స్విచ్‌లు పెడితే తలుపు మీద ఆఫ్‌లో, స్క్రీన్ మీద ఆటోలో కనిపించే రోజు వస్తుంది. తలుపు మీది స్విచ్ బొట్టు ఎటు చూస్తుందో దాన్నే మనిషి నమ్ముతాడు.

మోడ్ ట్యాగ్‌కు ప్రోగ్రాం మొత్తంలో రాసే చోటు ఒక్కటే ఉండాలి. క్రాస్ రెఫరెన్స్ (ఒక ట్యాగ్‌ను ఎక్కడెక్కడ వాడారో చూపించే జాబితా) తెరిచి చూడండి. రెండు చోట్ల కనిపిస్తే అక్కడే ఆగి, ఒకటి తీసేశాకే ముందుకు వెళ్లండి.

5. మోడ్ నుంచి మోటార్ దాకా

ఎలివేటర్ అవుట్‌పుట్ కాయిల్ (ప్రోగ్రాంలో మోటార్‌ను ఆన్ చేసే చివరి గుర్తు) కూడా ఒక్కటే. దానికి రెండు దారులు: "మోడ్ 1, లైన్ వరుస అడుగుతోంది" లేదా "మోడ్ 2, మాన్యువల్ స్టార్ట్ లాచ్ అయి ఉంది" (లాచ్ అంటే బటన్ వదిలినా స్టార్ట్‌ను గుర్తుంచుకునే బిట్). ఈ రెండు దారులు కలిశాక, కాయిల్‌కు ముందు రక్షణలన్నీ సిరీస్‌లో ఉండాలి. రక్షణలను ఒక్కో దారిలో విడివిడిగా పెట్టకండి. ఆరు నెలల తర్వాత ఎవరో ఒక దారిలో మార్చి రెండో దారిని మర్చిపోతారు.

మోడ్ మారే క్షణంలో ఏం జరగాలో ఎవరూ రాయరు, తర్వాత గొడవ అక్కడే వస్తుంది:

ఆటో నుంచి మాన్యువల్‌కు: మోటార్ నడుస్తుంటే నడుస్తూనే ఉండాలి. కాంటాక్టర్ ఆన్‌లో ఉందన్న ఇన్‌పుట్ చూసి మాన్యువల్ లాచ్‌ను అప్పుడే సెట్ చేయండి. లేకపోతే నిండుగా ఉన్న ఎలివేటర్ ఆగిపోతుంది. బ్యాక్‌స్టాప్ (వెనక్కి తిరగకుండా పట్టే భాగం) లేకపోతే బెల్టు వెనక్కి జారి వడ్లన్నీ బూట్‌లోకి దిగుతాయి. ఇది స్క్రీన్ మీద మార్చినప్పుడు మాట. తలుపు స్విచ్ ఆటో నుంచి మాన్యువల్‌కు పోతూ మధ్యలో ఆఫ్‌ను దాటుతుంది, కాబట్టి ఆఫ్ అర సెకను పాటు నిలిస్తేనే దాన్ని ఆఫ్‌గా లెక్కేయండి. ఎమర్జెన్సీ వేరే వైరులో ఉంది కాబట్టి ఈ అర సెకనుతో ప్రమాదం లేదు.

మాన్యువల్ నుంచి ఆటోకు: లైన్ నడుస్తుంటే కొనసాగాలి. లైన్ ఆగి ఉంటే, వెంటనే కాకుండా, ఎలివేటర్ ఖాళీ అయ్యేంత సేపు నడిచి ఆగాలి. అది ఎన్ని సెకన్లో మీ ఎలివేటర్ దగ్గర నిలబడి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూసుకోండి. ఎత్తును బట్టి, బెల్టు వేగాన్ని బట్టి మారుతుంది.

ఆఫ్ నుంచి ఆటోకు: ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన మార్పు. లైన్ నడుస్తున్నప్పుడు ఎవరో ఎలివేటర్‌ను ఆఫ్ చేసి, పని చేసుకుని, తిరిగి ఆటోలో పెట్టగానే అది తిరగడం మొదలుపెట్టకూడదు. యంత్రాల ఎలక్ట్రికల్ భద్రతకు ఉన్న ఐఈసీ 60204-1 ప్రమాణం కూడా ఇదే అంటుంది: మోడ్ ఎంచుకున్నంత మాత్రాన యంత్రం నడవకూడదు, స్టార్ట్‌కు వేరే చర్య ఉండాలి. అందుకే ఎలివేటర్ ఆఫ్ కాగానే లైన్‌ను ఆపేయండి. తిరిగి ఆటోలో పెట్టాక లైన్ స్టార్ట్ నొక్కాలి, సైరన్ మోగాలి, అప్పుడు కదలాలి.

ఆఫ్ నుంచి మాన్యువల్‌కు: లాచ్ ఖాళీగా ఉండాలి. మాన్యువల్ వదిలి వెళ్లినప్పుడల్లా పాత స్టార్ట్ లాచ్‌ను రీసెట్ చేసే ఒక లైను రాయండి, సరిపోతుంది.

6. కరెంటు పోయి వస్తే

మోడ్ గుర్తుండాలా, మర్చిపోవాలా? మిల్లు లోపలి యంత్రాలన్నిటికీ నా సమాధానం: మర్చిపోవాలి. మొదటి స్కాన్‌లో మోడ్‌ను 0 చేయండి. మొదటి స్కాన్‌ను పట్టుకోవడానికి వాడాల్సినవి: డెల్టాలో ఎం1002, పాత మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్‌లో ఎం8002, సీమెన్స్ ఎస్7-1200లో స్టార్టప్ బ్లాక్ ఓబీ100, లేదా సిస్టం మెమరీ బైట్ ఆన్ చేస్తే మామూలుగా ఎం1.0. అదే స్కాన్‌లో "అడుగు" ట్యాగ్‌లో 99 రాయడం మర్చిపోకండి. తలుపు స్విచ్ ఉంటే ఆ స్విచ్ స్థానాన్నే మళ్లీ చదువుతుంది, దాన్ని మీరు చెరపలేరు. కాబట్టి అక్కడ మోడ్ బదులు "లైన్ నడుస్తోంది" అన్న లాచ్‌ను చెరిపేయండి.

ఇరవై మోటార్లను మళ్లీ ఆటోలో పెట్టాలంటే ఆపరేటర్ విసుక్కుంటాడు, నిజమే. "అన్నీ ఆటో" అని ఒక బటన్ ఇవ్వండి. ఐసొలేటర్ తీసి ఉన్నదాన్ని, లోపంలో ఉన్నదాన్ని అది వదిలేయాలి.

తాగునీటి ట్యాంకు పంపు లాంటి వాటికి లెక్క వేరు. రాత్రి మనిషి ఉండడు, కరెంటు రాగానే నడవాలి. అక్కడ మోడ్‌ను రిటెయిన్ మెమరీలో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) పెట్టండి, ఆటో అయితే ఒకటి రెండు నిమిషాలు ఆగి నడిచేలా చేయండి, డ్రై రన్ రక్షణ (నీళ్లు లేకుండా పంపు తిరగకుండా ఆపేది) తప్పనిసరి. పంపు దగ్గర "దానంతట అదే స్టార్ట్ అవుతుంది" అని బోర్డు తెలుగులో పెట్టండి.

ఓవర్‌లోడ్ రిలే మీద కూడా ఒక చిన్న నాబ్ ఉంటుంది, ఆటో రీసెట్, మాన్యువల్ రీసెట్ అని. మన సెలెక్టర్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. అది మాన్యువల్‌లోనే ఉండాలి. "ఆటో మోడ్ పెట్టమన్నారు కదా" అని దాన్ని కూడా తిప్పేసిన వాళ్లున్నారు.

7. స్క్రీన్ మీద స్విచ్

దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ మల్టీస్టేట్ స్విచ్ అనే వస్తువు ఉంటుంది. వైన్‌టెక్‌లో చదివే అడ్రస్, రాసే అడ్రస్ వేరుగా పెట్టుకునే ఆప్షన్‌ను టిక్ చేయాలి. డెల్టా స్క్రీన్ సాఫ్ట్‌వేర్‌లో రైట్ మెమరీ, రీడ్ మెమరీ అని రెండు గడులు కనిపిస్తాయి. ఇగ్నిషన్‌లో కంట్రోల్ విలువ, ఇండికేటర్ విలువ వేరువేరు. ఫ్యాక్టరీటాక్ వ్యూలోనూ వాల్యూ, ఇండికేటర్ అని రెండు కనెక్షన్లు. పేర్లు ఏవైనా, రాసేదాంట్లో "అడుగు" ట్యాగ్, చదివేదాంట్లో "మోడ్" ట్యాగ్ ఇవ్వండి. రెండో గడి ఖాళీగా వదిలితే చాలా సాఫ్ట్‌వేర్లు రాసే అడ్రస్‌నే చదువుతాయి. అప్పుడు మొదట చెప్పిన జబ్బు మళ్లీ వస్తుంది.

సీమెన్స్‌లో సింబాలిక్ ఐఓ ఫీల్డ్‌కు టెక్స్ట్ లిస్ట్ తగిలించి మోడ్ చూపించండి, మార్చడానికి పక్కనే మూడు బటన్లు పెట్టండి. నిజానికి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా నాకు నచ్చేది మూడు బటన్ల పద్ధతే. నొక్కిన ప్రతిసారీ 0, 1, 2 అని తిరిగే ఒకే బటన్ అయితే ఆటో నుంచి ఆఫ్‌కు పోవడానికి మాన్యువల్ దాటాలి. తొందరలో ఒక నొక్కు ఎక్కువైందంటే అంతే సంగతులు.

బటన్ కనీసం 15 మి.మీ. ఉండాలి. తవుడు, దుమ్ము పట్టిన వేళ్లతో నొక్కుతారు. తెలుగులో పేర్లు పెట్టడం మంచిదే, కానీ కొన్ని స్క్రీన్లలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. అలాంటప్పుడు పదాన్ని బొమ్మగా చేసి పెట్టండి.

రంగుల విషయంలో ఒక్కటే నియమం: మోడ్‌కు ఆకుపచ్చ వాడకండి. ఆకుపచ్చ అంటే నడుస్తోంది అని ఆపరేటర్ బుర్రలో పడిపోయి ఉంది. ఆటో అని ఆకుపచ్చలో కనిపిస్తే ఎలివేటర్ నడుస్తోందనుకుని కన్వేయర్ మీద వడ్లు పోయిస్తాడు. మోడ్ బూడిద రంగులో అక్షరాలుగా ఉండనివ్వండి. ఆకుపచ్చను కాంటాక్టర్ ఇన్‌పుట్‌కే దాచుకోండి.

అనుమతి లేనప్పుడు బటన్‌ను మాయం చేయకండి, మసకగా చూపించి కింద కారణం రాయండి: "ఓవర్‌లోడ్ పడింది", "ఎమర్జెన్సీ నొక్కి ఉంది". ఈ ఒక్క లైనుతో మీకు వచ్చే ఫోన్లు సగం తగ్గుతాయి.

8. పాస్‌వర్డ్

ఆటో, ఆఫ్‌లకు పాస్‌వర్డ్ వద్దు. మాన్యువల్‌కు షిఫ్ట్ ఇన్‌చార్జ్ స్థాయి పెట్టండి, రెండు మూడు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే లాగౌట్ అయ్యేలా చూడండి. 1111 పెట్టి స్క్రీన్ మీదే పెన్నుతో రాసే పక్షంలో అసలు పెట్టకపోవడమే మేలు. మోడ్ మారిన ప్రతిసారీ టైముతో సహా ఈవెంట్ లాగ్‌లో పడేలా చేయండి. "నేను ముట్టుకోలే సార్" అనే మాటకు జవాబు అందులో దొరుకుతుంది.

9. పరీక్ష

మోటార్ పవర్ ఫ్యూజులు తీసి, కంట్రోల్ సప్లై మాత్రమే ఉంచి మొదలుపెట్టండి. కాంటాక్టర్ టక్కుమనే శబ్దం చాలు.

- ఒక్కో మోడ్ నొక్కి, స్క్రీన్ మీద చూపించేది, పీఎల్‌సీ ఆన్‌లైన్‌లో కనిపించే మోడ్ విలువ ఒకటేనా చూడండి.
- ఆరు మార్పులూ చేయండి: ఆటో–ఆఫ్, ఆఫ్–ఆటో, ఆటో–మాన్యువల్, మాన్యువల్–ఆటో, మాన్యువల్–ఆఫ్, ఆఫ్–మాన్యువల్. నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆగి ఉన్నప్పుడు ఒకసారి. మొదటి మెట్టులో రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని టిక్ కొట్టండి.
- మాన్యువల్‌లో నడుపుతూ ఓవర్‌లోడ్ రిలే టెస్ట్ బటన్ నొక్కండి. ఆగాలి. రీసెట్ చేశాక దానంతట అది నడవకూడదు.
- "అడుగు" ట్యాగ్‌లో పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్ నుంచి 7 రాయండి. ఏమీ కాకూడదు.
- స్క్రీన్ కేబుల్ పీకండి. మోడ్ మారకూడదు, మోటార్ మీరు నిర్ణయించినట్టే ఉండాలి. కేబుల్ తిరిగి పెట్టాక స్క్రీన్ నిజమైన మోడ్‌ను చూపించాలి.
- ఆటోలో నడుస్తుండగా మెయిన్ తీసి, పది సెకన్లాగి వేయండి. మెయిన్ తీసి వెంటనే వేసి కూడా చూడండి. చిన్న ఝలక్‌లో పీఎల్‌సీ బతికి ఉండి కాంటాక్టర్ మాత్రం పడిపోతుంది, కరెంటు రాగానే కాయిల్ మళ్లీ లాగేసుకుంటుంది. అవుట్‌పుట్ ఇచ్చి రెండు సెకన్లయినా కాంటాక్టర్ ఇన్‌పుట్ రాకపోయినా, నడుస్తుండగా ఆ ఇన్‌పుట్ పడిపోయినా లాచ్ తీసేసే లైను రాస్తేనే ఇది ఆగుతుంది.

అప్పుడు ఫ్యూజులు పెట్టి, వడ్లు లేకుండా ఒకసారి, వడ్లతో ఒకసారి నడపండి. బటన్లు మీరు నొక్కకండి, ఆపరేటర్‌తో నొక్కించండి.

తరచుగా కనిపించే తప్పులు

"ఆటోలో పెట్టినా నడవట్లేదు": పదిలో తొమ్మిది సార్లు తప్పేమీ ఉండదు. లైన్ స్టార్ట్ నొక్కలేదు, లేదా ముందున్న యంత్రం ఆఫ్‌లో ఉంది. ప్రోగ్రాం తెరవకముందు లైన్‌లోని అన్ని మోడ్లూ ఒకే పేజీలో కనిపించేలా చేయండి.

"ఆఫ్ అని ఉంది, తిరుగుతోంది": ముందు కాంటాక్టర్ చూడండి. కాయిల్‌కు వోల్టేజీ లేకపోయినా లాగే ఉంటే కాంటాక్టులు అతుక్కున్నాయి, సాఫ్ట్‌వేర్‌కు సంబంధం లేదు. కాయిల్‌కు వోల్టేజీ ఉంటే ప్రోగ్రాంలో ఎక్కడో రెండో అవుట్‌పుట్ కాయిల్ ఉంది. లేదా పాత ఎలక్ట్రీషియన్ పీఎల్‌సీని తప్పించి బైపాస్ స్విచ్ పెట్టాడు. ప్యానెల్ వెనక చేయి పెట్టకుండా టార్చ్ వేసి చూడండి.

జాగ్ బటన్ స్క్రీన్ మీద వద్దన్నాను కదా. మొమెంటరీ బటన్ నొక్కినప్పుడు స్క్రీన్ 1 రాస్తుంది, వదిలినప్పుడు 0 రాస్తుంది. నొక్కి ఉండగా కేబుల్ ఊడిపోతే ఆ 0 ఎప్పటికీ చేరదు, మోటార్ తిరుగుతూనే ఉంటుంది. స్టార్ట్ బటన్లకు కూడా ఇది వర్తిస్తుంది. అందుకే పీఎల్‌సీ ఎడ్జ్ (0 నుంచి 1కి మారే క్షణం) మాత్రమే చదివి, ఆ బిట్‌ను తానే చెరిపేయాలి.

ఆఫీసులో స్కాడా (కంప్యూటర్ నుంచి మిల్లును చూసే, నడిపే సాఫ్ట్‌వేర్), ప్యానెల్ మీద స్క్రీన్ రెండూ ఉన్నప్పుడు చివర రాసినవాళ్ల మాటే చెల్లుతుంది. కింద ఫిట్టర్ ఆఫ్ చేస్తాడు, పైన ఆఫీసులో కూర్చున్న మనిషి ఆటో నొక్కుతాడు. స్కాడాకు వేరే "అడుగు" ట్యాగ్ ఇవ్వండి, రిమోట్‌లో ఉన్నప్పుడే పీఎల్‌సీ దాన్ని చదవాలి. కింద ఆఫ్ చేస్తే పై నుంచి తీయలేకుండా ఉండాలి.

ఇంకొకటి: ఒక మోటార్‌కు చేసినదాన్ని కాపీ చేసి మిగతా పందొమ్మిదింటికి అతికిస్తారు. ఫంక్షన్ బ్లాక్ (ఒకసారి రాసి ఎన్నిసార్లయినా వాడుకునే ప్రోగ్రాం ముక్క) చేసి వాడితే మంచిదే, కానీ స్క్రీన్ మీది బటన్లలో అడ్రసులు చేత్తోనే మార్చాలి. ఐదో ఎలివేటర్ బటన్ నాలుగో ఎలివేటర్ ట్యాగ్‌కు రాస్తున్నా చూడటానికి అంతా బాగానే కనిపిస్తుంది. కాబట్టి ప్రతి బటన్‌ను ఒక మనిషి నొక్కాలి, ఇంకో మనిషి ఆ కాంటాక్టర్ దగ్గర నిలబడి పేరు చదివి కేక వేయాలి. అన్ని మోటార్లూ అయ్యాక బ్యాకప్ రెండు చోట్ల పెట్టి, టిక్కులు కొట్టిన కాగితాన్ని ప్యానెల్ తలుపు లోపలి జేబులో ఉంచండి.